మోకాలు చూపించే మనిషి

డబ్బున్నవాళ్లెవరైనా క్లబ్బు కొందామని చూడటానికి వస్తున్నారంటే మోకాలన్న ఆ రోజు వదులు ప్యాంటు వేసుకునేవాడు. బిగుతు ప్యాంటయితే మడత మోకాలు దాటి పైకి రాదు. ఒకసారి సిమెంటు కంపెనీ ఆయన ముందు మోకాలి కథ మంచి పట్టులో ఉండగా ప్యాంటు పిక్క దగ్గరే పట్టేసింది. ఎంత లాగినా కదల్లేదు. సిమెంటాయన గడియారం చూసుకున్నాడు. ఆ బేరం తప్పిపోవడానికి వంద కారణాలున్నాయి, కానీ చైర్మన్ మాత్రం ప్యాంటునే తప్పుపట్టాడు. ఆ తర్వాత మోకాలన్న భార్య రెండు పాత ప్యాంట్లకు పక్క కుట్లు విప్పి, ముక్కలు వేసి వెడల్పు చేసింది. వాటిని ఆమె "చూపుల ప్యాంట్లు" అనేది.

రెండో డివిజన్‌లో ఆడే ఆ ఫుట్‌బాల్ జట్టుకు అతను సామాను గది మనిషి. గది స్టేడియం పడమటి మెట్ల కింద ఉండేది. పైన జనం కూర్చునే మెట్లే లోపల కప్పు, కాబట్టి తలుపు దగ్గర నిటారుగా నిలబడొచ్చు, చివరికి వెళ్లేకొద్దీ వంగాలి. వంగాల్సిన చోటే రెండు బట్టలుతికే మిషన్లు, బూట్ల అరలు, బంతులకు గాలి కొట్టే పంపు ఉండేవి. మ్యాచ్ అయ్యాక కుప్పగా పడ్డ చొక్కాల్ని ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి, చెమట బరువును బట్టి ఎవడు పరిగెత్తాడో ఎవడు నిలబడి చూశాడో చెప్పేవాడు. కోచ్ ఒక్కోసారి నిజంగానే తలుపులోంచి తల పెట్టి అడిగేవాడు: "అన్నా, ఏడో నంబరు ఎంత తూగింది?"

"ఉతక్కుండానే మడతపెట్టేయొచ్చు సార్," అనేవాడు మోకాలన్న. మరుసటి మ్యాచ్‌కి ఏడో నంబరు బెంచీ మీద కూర్చునేవాడు.

ఆ చొక్కాల మీద నంబర్లు కుట్టేది అతని భార్యే. ఇంట్లో కిటికీ పక్కన కుట్టుమిషను. ఆటగాళ్ల మొహాలు ఆమెకు సరిగా తెలియవు, నంబర్లు తెలుసు. ఫలానా నంబరు ఇల్లు మారిందట, ఫలానా నంబరుకు కవలలట అని మాట్లాడేది. మొగుణ్ని ఊరంతా మోకాలన్న అంటుంటే ఆమె ఒక్కతే "ఏమయ్యా" అని పిలిచేది.

మోకాలి కథ ఇరవై నాలుగేళ్ల నాటిది. అప్పుడతనికి ఇరవై మూడు, ఎడమ వైపు ఆడేవాడు. గెలిస్తే పై డివిజన్‌కి వెళ్లే మ్యాచ్ శనివారం ఉందనగా బుధవారం ప్రాక్టీసులో ఎడమ మోకాలి లోపల లిగమెంటు తెగింది. తర్వాత జరిగిందాన్ని అతను చెప్పే తీరు ఇది: డాక్టరు ఆడొద్దన్నాడు, జట్టంతా వద్దంది, అతను వినలేదు. "ఈ చొక్కా వేసుకున్నాక కాలు నాది కాదు, జట్టుది," అన్నాడు. కట్టు కట్టుకుని దిగాడు. అరవై ఒకటో నిమిషంలో కార్నర్ నుంచి బంతి వస్తే ఒంటికాలి మీద ఎగిరి తలతో కొట్టాడు. గోల్. కిందపడ్డాడు. మళ్లీ ఎప్పుడూ ఆడలేదు.

జరిగింది వేరు. అతను ఆడనన్నాడు. డ్రెస్సింగు రూములో బల్ల మీద కూర్చుని, నొప్పికి ఏడుస్తూ, నావల్ల కాదన్నాడు. అప్పటి జట్టు మేనేజరు తలుపు గడియ మీద చెయ్యి పెట్టి నిలబడి, ఈ మ్యాచ్ ఆడకపోతే వచ్చే సీజన్‌కి పేరుండదని చెప్పాడు. డాక్టరు ఆ మాటకు అడ్డం చెప్పబోతే ఆయన్ని బయటికి పంపాడు. మసాజు చేసే అతని చేత సూది వేయించాడు. సూది పడ్డాక నొప్పి పోయింది, కాలు కూడా పోయినట్టే అయింది. గోల్ దగ్గర అతను నిలబడ్డచోటి నుంచి కదల్లేకపోయాడు. కార్నర్ బంతి ఎవడి తలకో తగిలి వచ్చి ఇతని తుంటికి కొట్టుకుని లోపలికి పోయింది. తప్పుకునే శక్తి ఉంటే తప్పుకునేవాడు.

మర్నాడు పేపరువాళ్లు "గాయపడ్డ సింహం" అని రాశారు. ఆ మాట అతనికి నచ్చింది కూడా. ఇంటి గోడకు అంటించుకున్నాడు. ఆపరేషను అరకొరగా జరిగింది, మోకాలు సగమే వంగుతుంది. జట్టు ఆ మరుసటి ఏడాదే మళ్లీ కింది డివిజన్‌కి పడిపోయింది. అప్పటి మేనేజరే ఇతనికి జాలిపడి సామాను గది ఇప్పించాడు, తర్వాత మెల్లగా ఎదిగి ఇప్పుడు చైర్మన్ అయ్యాడు. ఆయనది నున్నటి బట్టతల. "బోడిగుండుకీ మోకాలికీ ముడి అంటారు కదా, అదేమిటో నాకు పెళ్లయ్యాకే అర్థమైంది," అనేది మోకాలన్న భార్య.

కథను డబ్బున్నవాళ్లకు చెప్పడం పదకొండేళ్ల కిందట మొదలైంది. క్లబ్బును పోషిస్తున్న లారీల కుటుంబం, మాకిక చేతకాదు, ఎవరినైనా చూసుకోండి అని తప్పుకుంది. కొనేవాళ్ల కోసం చైర్మన్ ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగాడు. మొదట బిస్కెట్ల కంపెనీ ఆయన వచ్చాడు. జట్టు గెలిచిన కప్పులు చూశాడు, పచ్చిక చూశాడు, ఆవలించాడు. వెళ్తూ వెళ్తూ, బంతుల వల భుజాన వేసుకుని కాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషి కనబడితే, కాలికేమైందని మాటవరసకి అడిగాడు. మోకాలన్న చెప్పాడు. బిస్కెట్లాయన కళ్లు తుడుచుకున్నాడు. క్లబ్బు కొనలేదు గానీ నాలుగు మూలలా లైట్ల స్తంభాలు వేయించాడు.

ఆ లైట్లు వెలిగిన రోజే చైర్మన్‌కి దారి కనబడింది. అప్పటినుంచి క్లబ్బు చూపించే పద్ధతిలో మోకాలన్న ఒక భాగం. ముందు కప్పుల గది, తర్వాత పచ్చిక, తర్వాత పై గదిలో మెత్తటి కుర్చీలు, ఆ తర్వాత అనుకోకుండా మోకాలన్న. అనుకోకుండా అంటే, చైర్మన్ ఒకసారి దగ్గగానే వలతో బయటికి రావాలి. రెండుసార్లు దగ్గితే ఇంకాస్త ఆగాలి. ఒకసారి చైర్మన్‌కి నిజంగానే జలుబు చేసి, మోకాలన్న గుమ్మంలోకీ గదిలోకీ ఐదుసార్లు తిరిగాడు.

ప్రైవేటు కాలేజీల అన్నదమ్ములు వచ్చారు. వాళ్లు స్కోరు అడగలేదు, గ్రౌండు ఎన్ని గజాలని అడిగారు. నగల కొట్టాయన వచ్చి చొక్కాలు బంగారు రంగులోకి మార్చాలన్నాడు. ఫోన్‌లో ఆడే ఆటలు తయారుచేసే కుర్రాడొకడు కథంతా విని, ఆ గోల్ వీడియో ఉందా అన్నాడు. కెమెరా మనిషి ఆ టైముకి టీకి వెళ్లాడని మోకాలన్న చెప్పాడు. కథలో ఆ ఒక్క ముక్కే నిజం.

ఎవరూ కొనలేదు. కానీ కథ మాత్రం పెరిగింది. "మొదట్లో గోల్‌కి ఆరడుగుల దూరంలో ఎగిరావు. ఇప్పుడు పెనాల్టీ గీత దాకా వచ్చావు. ఇంకో ఇద్దరు వస్తే మన వీధిలోంచే కొడతావు," అనేది భార్య.

అతను నవ్వేవాడు. తనను అంతసేపు కన్నార్పకుండా చూసే మనుషులు ఇంకెక్కడా లేరని ఆమెకు చెప్పలేదు.

* * *

ఇన్సూరెన్సు కంపెనీ యజమాని వస్తున్నాడన్న కబురు వచ్చేసరికి మోకాలు బాగా పాడైంది. ఎముకకు ఎముక రాసుకుంటోందని, మోకాలు మార్చాల్సిందేనని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. లేకపోతే రెండేళ్లలో కర్ర పట్టాలి. కర్ర పట్టినవాడు తడిబట్టల బుట్ట ఎత్తలేడు, బుట్ట ఎత్తలేనివాడికి సామాను గదిలో పని లేదు. ఆపరేషను అతని తాహతుకు మించింది. క్లబ్బులో శాశ్వత ఉద్యోగులకు వైద్యం క్లబ్బే చేయిస్తుంది, కానీ అలాంటి వాళ్లు పదకొండు మందే. మోకాలన్న ఇరవై మూడేళ్లుగా సీజను సీజనుకూ కాగితం రాయించుకునే మనిషి.

చైర్మన్ పిలిచి తలుపు వేశాడు. ఈ బేరం కుదిరితే అమ్మకం పత్రాల్లో శాశ్వత ఉద్యోగుల జాబితా ఒకటి ఉంటుందని, అందులో మొదటి పేరు మోకాలన్నదేనని మాటిచ్చాడు. ఆయన ఏ మాటా ఊరికే ఇచ్చే మనిషి కాదు. ఇచ్చాక తప్పే మనిషీ కాదు. తర్వాత గొంతు తగ్గించాడు.

"వచ్చేది లెక్కల మనిషిరా. రాయిలాంటివాడు. మామూలుగా చెబితే కరగడు. ఈసారి డాక్టర్ని పెంచు."

డాక్టర్ని ఎలా పెంచాలో మోకాలన్న రెండు రోజులు ఆలోచించాడు. పాత కథలో డాక్టరుది ఒక్క మాటే, ఆడొద్దని. ఇప్పుడు డాక్టరు చేతులు జోడించాడు. చాలదనిపించి, కాళ్లు పట్టుకున్నాడు. ఆఖరికి గ్రౌండు గీత దాకా వెంటపడి వచ్చి, "నువ్వు దిగితే ఈ కాలు నీకుండదు, నా మాట రాసిపెట్టుకో," అన్నాడు. మోకాలన్న ఆయన్ని పక్కకు నెట్టి లోపలికి పరిగెత్తాడు. పంపు సూదికి నూనె రాస్తూ, చొక్కాలు మడతపెడుతూ ఈ ముక్కను నోట్లో నలిపాడు. ఇంట్లో ఒకసారి పైకి చెప్పి చూశాడు.

భార్య దారం పంటితో తెంపింది. "ఆ డాక్టరు నాకు తెలుసు. నడుముకి బెల్టు పెట్టుకునేవాడు. నీ కాళ్లెలా పట్టుకున్నాడు?"

"కథలో నడుంనొప్పి లేదులే."

"ఆయన ఇప్పుడు లేడు కాబట్టి సరిపోయింది. ఉంటే నీ మోకాలు చూడటానికి డబ్బు తీసుకునేవాడు కాదు, నీ కథ విన్నందుకు తీసుకునేవాడు."

ఇన్సూరెన్సు ఆయన ఉదయం తొమ్మిదింటికి, చెప్పిన నిమిషానికి వచ్చాడు. సన్నగా, చిన్న గొంతుతో మాట్లాడే మనిషి. వెంట ఒక లాయరమ్మాయి. కప్పుల గదిలో ఆయన కప్పులు చూడలేదు, పైకప్పు మీద చెమ్మ చూశాడు. పడమటి మెట్లు ఎప్పుడు కట్టారని, కరెంటు తీగలు ఎప్పుడు మార్చారని, జనం ఒక్కసారి లేచి పరిగెడితే ఎన్ని తలుపుల్లోంచి పోగలరని అడిగాడు. చైర్మన్ బట్టతల మీద చెమట పట్టింది. మెత్తటి కుర్చీల గదికి వెళ్లకుండానే గ్రౌండు పక్కన నిలబడి ఆయన ఒకసారి దగ్గాడు. ఇంకాస్త ఆగితే మంచిదేమోనని వెంటనే ఇంకోసారి దగ్గాడు. అప్పటికే మోకాలన్న వలతో గుమ్మం దాటేశాడు.

కథ అంత బాగా అతను ఎప్పుడూ చెప్పలేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు. డాక్టరు గీత దగ్గర చేతులు చాపి అడ్డంగా నిలబడ్డ చోట లాయరమ్మాయి పెన్ను ఆపింది. "ఈ చొక్కా వేసుకున్నాక కాలు నాది కాదు" అన్నచోట పచ్చికకు నీళ్లు పెట్టే ముసలాయన కూడా పైపు కింద పెట్టి విన్నాడు. చివర్లో మోకాలన్న ప్యాంటు పైకి మడిచాడు. అది సాఫీగా లేచింది.

ఇన్సూరెన్సు ఆయన కళ్లు తుడుచుకోలేదు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, గొంతుక్కూర్చుని మోకాలిని జానెడు దూరం నుంచి చూశాడు. ముట్టుకోలేదు. లేచి పక్కనున్న బెంచీ మీద కూర్చుని, మోకాలన్నను కూడా కూర్చోమన్నాడు. డబ్బున్నవాళ్లలో అతన్ని కూర్చోమన్నది ఆయనే మొదలు.

"సూది ఎవరు వేశారు?" అని అడిగాడు.

కథలో సూది లేదు. మోకాలన్న చైర్మన్ వైపు చూశాడు. చైర్మన్ పచ్చిక వైపు చూస్తున్నాడు.

"లిగమెంటు తెగినవాడు గంటసేపు నిలబడాలంటే మందు పడాలి," అన్నాడాయన. "తప్పుగా అనుకోకండి. మా పనే ఇది. ఎవరు వేశారు?"

"మసాజు చేసే ఆయన, సార్."

"ఎవరు వెయ్యమంటే?"

నీళ్ల పైపు కింద పడి ఉండటంతో పచ్చిక అంచున మడుగు కడుతోంది. ఇరవై నాలుగేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. పేపరువాళ్లు అడగలేదు, బిస్కెట్లాయన అడగలేదు, ఆటగాళ్లు అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో అతను ఒకప్పుడు తయారుచేసుకున్నాడు, తర్వాత మర్చిపోయాడు. ఇప్పుడు తలుపు గడియ మీద చెయ్యి గుర్తొచ్చింది, ఆ చేతికి అప్పుడున్న గడియారం గుర్తొచ్చింది. జాబితాలో మొదటి పేరు కూడా గుర్తొచ్చింది.

"నేనే వెయ్యమన్నాను సార్."

"డాక్టరు అంతగా వద్దన్నాక?"

"వద్దన్నాక కూడా."

"మేనేజరు గానీ, క్లబ్బువాళ్లు గానీ మిమ్మల్ని ఆడమని ఒత్తిడి పెట్టలేదు?"

"లేదు సార్. నా సొంత ఇష్టం."

ఆయన తలాడించాడు. ఇలాంటి పాత దెబ్బలు క్లబ్బులో ఎవరెవరికి ఉన్నాయో, రేపు ఎవరు వచ్చి ఏం అడుగుతారో తెలుసుకోకుండా కొనలేనని, అందుకే అడగాల్సి వచ్చిందని మర్యాదగా చెప్పాడు. కన్నీళ్లు తెప్పిస్తుందని చైర్మన్ ముందుకు తోసిన మోకాలు ఆయనకు రేపటి కోర్టు కేసులా కనబడింది. లాయరమ్మాయి అక్కడే ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒకటిన్నర పేజీ కొట్టింది. ఆఫీసులో అచ్చు తీసి, చదివి వినిపించింది. డాక్టరు చేతులు చాపి నిలబడటం, మోకాలన్న ఆయన్ని నెట్టేయడం అన్నీ ఉన్నాయి. అతను సంతకం పెట్టాడు.

కార్లు వెళ్లిపోయాక చైర్మన్ సామాను గదికి వచ్చాడు. ఆయన అక్కడికి వచ్చి ఎన్నేళ్లయిందో, మిషన్ల దగ్గర వంగాలని మర్చిపోయి తల కొట్టుకున్నాడు. మోకాలన్న భుజం పట్టుకుని, నీ మేలు మర్చిపోనురా అన్నాడు. ఆ కథకు చైర్మన్ కళ్లు తడవడం అదే మొదటిసారి.

ఇంట్లో భార్య అంతా విని మిషను ఆపింది.

"ఇన్నేళ్లకి సరిగ్గా అడిగినవాడు ఒక్కడొచ్చాడు," అంది. "వాడికే చెప్పలేకపోయావా?"

"చెబితే బేరం పోయేది. మోకాలు మార్పించుకోవద్దా?"

ఆమె మిషను చక్రం మళ్లీ తిప్పింది. ఆమెకు కావలసిందీ అదే.

* * *

రెండు నెలలకు అమ్మకం అయిపోయింది. చైర్మన్ మాట తప్పలేదు. జాబితాలో మొదటి పేరు మోకాలన్నదే. మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు, దాని మీద ఫొటో, కింద "శాశ్వత సిబ్బంది" అని ముద్ర. పెద్దాసుపత్రిలో తేదీ కూడా ఖాయమైంది. భార్య ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఒక సంచీ కుట్టింది. పాత చొక్కాల గుడ్డతో కుట్టడంతో దాని మీద సగం నాలుగో నంబరు మిగిలింది. మంచం దిగకుండా ఉండాల్సిన ఆరు వారాలకూ ఎవరు వంట చేస్తారో, ఎవరు స్నానం చేయిస్తారో వేళ్ల మీద లెక్కపెట్టి, అన్నింటికీ తనే అని తేల్చింది. ఆ వారం ఆమె అతన్ని ఒక్కసారి కూడా ఎగతాళి చేయలేదు.

తేదీకి తొమ్మిది రోజుల ముందు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. సిబ్బంది వ్యవహారాలన్నీ ఇప్పుడు ఆ లాయరమ్మాయే చూస్తోంది. కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది. చెప్పడానికి ఆమెకూ ఇష్టంగా లేదని మొహం చూస్తేనే తెలిసింది. చేరకముందు నుంచీ ఉన్న జబ్బులకూ దెబ్బలకూ కంపెనీ వైద్యం చేయించదట. క్లబ్బు పనిలో తగిలిన దెబ్బలకైతే చేయిస్తుంది, ఎన్నేళ్ల నాటివైనా సరే.

"ఇది క్లబ్బు పనిలో తగిలిందే కదమ్మా," అన్నాడు మోకాలన్న. "ప్రాక్టీసులో తెగింది, మ్యాచ్‌లో పాడైంది."

"ప్రాక్టీసులో తెగినందుకు కాలు పోలేదు, దిగితే పోతుందని డాక్టరు అన్నారు. పాడైంది మీరు దిగినందుకు. ఆయన కాళ్లు పట్టుకుని ఆపినా మీరు సొంత ఇష్టంతో దిగారు. అంటే పనిలో తగిలినట్టు కాదండీ, మీరు తెచ్చుకున్నట్టు." ఆమె ఒకటిన్నర పేజీ తీసి అతని వైపు తిప్పింది. "మీరే రాసిచ్చారు."

"అది కథమ్మా."

ఆమె కాగితం చివర వేలు పెట్టింది. "సంతకం ఉంది కదండీ," అంది మెల్లగా. తర్వాత, తను చెప్పకూడని మాటే చెబుతున్నట్టు, ఎవరైనా ఆడమని బలవంతపెట్టి ఉంటే అది వేరని, అలా బలవంతపెట్టినాయన ఒక్క ముక్క రాసిస్తే పైకి పంపి చూడొచ్చని అంది.

చైర్మన్ ఇప్పుడు గౌరవ సలహాదారు. గది చిన్నదైంది, కుర్చీ మాత్రం పాతదే. మోకాలన్న విషయం చెప్పి, ఒక్క ముక్క రాసివ్వమని అడిగాడు. సలహాదారు టీ తెప్పించాడు. టీ వచ్చాక గ్లాసు మోకాలన్న వైపు జరిపాడు.

"నేను రాస్తే నేను పోతాను కదరా," అన్నాడు చివరికి. "ఇక్కడ ఎవరి మీదా బలవంతాలు జరగలేదని అమ్మకం పత్రంలో నేనూ సంతకం పెట్టాను."

"నా కాలు పోతోంది సార్."

"నీ పేరు జాబితాలో పెట్టించానా లేదా? మొదటి పేరు. మాట నిలబెట్టుకున్నానా లేదా?"

"నిలబెట్టుకున్నారు సార్."

అది నిజమే. మోకాలన్న టీ తాగాడు. సలహాదారు కిటికీలోంచి గ్రౌండు చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు: "అయినా ఆ రోజు నువ్వు గట్టిగా కాదని ఉంటే నేనేమైనా కాళ్లూ చేతులూ కట్టి లోపల పడేసేవాడినా? నీకూ ఆడాలనే ఉంది. నాకు బాగా గుర్తు. ఆ డాక్టరు ఎంత బతిమాలాడు పాపం."

ఆయన అబద్ధం ఆడటం లేదు. పదకొండేళ్లుగా ఆ కథ పక్కనే నిలబడి విన్నాడు. ఆయనకు ఇప్పుడు గుర్తున్నది అదే.

ఆసుపత్రి తేదీ వెనక్కిచ్చేశారు. కుట్టిన సంచీలో భార్య దారం ఉండలు వేసుకుంది. మోకాలన్న బుట్టను ఎత్తడం మానేసి నేలమీద తోసుకుంటూ పోవడం నేర్చుకున్నాడు.

* * *

ఇన్సూరెన్సు ఆయన జట్టునంతా తనే ఉంచుకోదలచలేదు. మూడో వంతును చిన్న చిన్న వాటాలు చేసి, ఇంకొందరు డబ్బున్నవాళ్లకు అమ్మాలనుకున్నాడు. దానికోసం ప్రచారం మేడమ్ అని ఒకామెను పెట్టాడు. ఆమె చురుకైన మనిషి, అందరినీ నవ్వుతూ పలకరించేది. పద్నాలుగు మంది ఒకేసారి వస్తున్నారని, మోకాలన్న కథ పదకొండు గంటలకు, ఎనిమిది నిమిషాలు అని కాగితం మీద వేసి ఇచ్చింది. దగ్గడాలు లేవు. శాశ్వత సిబ్బంది కాబట్టి రానని అనడానికీ లేదు.

ఆ పొద్దున భార్య చూపుల ప్యాంటు ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. "ఇవాళ ఏ గోలు కొడతావు?" అని అడిగింది. అతను ప్యాంటు తొడుక్కున్నాడు. ఆమె మళ్లీ, ఈసారి ఎగతాళి లేకుండా అంది: "ఇంక పోయేదేముందయ్యా? ఉన్నది చెప్పు."

పద్నాలుగు మంది గ్రౌండు పక్కన అర్ధచంద్రంలా నిలబడ్డారు. ఎండగా ఉంటే మేడమ్ అందరికీ టోపీలు పంచింది, జట్టు రంగువి. సలహాదారు కూడా ఒక టోపీ పెట్టుకుని చివర్న నిలబడ్డాడు. మోకాలన్న బుధవారంతో మొదలుపెట్టాడు. శనివారం దగ్గరికి వచ్చేసరికి భుజం మీది బంతుల వల కింద దించాడు.

"నేను ఆడనన్నాను," అన్నాడు. "బల్ల మీద కూర్చుని ఏడ్చాను. నావల్ల కాదన్నాను. డాక్టరు నా కాళ్లేం పట్టుకోలేదు. ఆయన నోరు తెరవబోతే బయటికి పంపేశారు. తలుపు గడియ మీద చెయ్యి పెట్టి, ఆడకపోతే నీకు ఇక్కడ పేరుండదు అన్నారు. సూది పొడిపించారు. నేను ఎగరలేదు. బంతి వచ్చి నా తుంటికి తగిలింది. తప్పుకోలేక తగిలింది."

తెల్లచీర కట్టుకున్న ఒకామె, ఎవరండీ అలా అన్నది అని అడిగింది.

మోకాలన్న చెయ్యెత్తి చూపించాడు. "ఈ సారే."

పద్నాలుగు మంది తలలూ ఒక్కసారి తిరిగాయి. సలహాదారు టోపీ కింద మొహం పాలిపోయింది. అరనిమిషం ఏమీ జరగలేదు. మోకాలన్న చూపించిన చెయ్యి దించలేదు.

తర్వాత సలహాదారు నవ్వాడు. నవ్వుతూనే నడిచి వచ్చి మోకాలన్న భుజం చుట్టూ చెయ్యి వేశాడు. "ఏం చేయమంటారు," అన్నాడు వాళ్లతో. "వీడు లేకుండా గెలవలేమని నాకు తెలుసు. వీడికే తెలియదు."

ముందు ఎవరో ఒకాయన గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు పట్టుకుని మిగతావాళ్లూ నవ్వారు, తర్వాత చప్పట్లు కొట్టారు. ఇద్దరు పాత మిత్రులు కలిసి ఆడిన ముచ్చటైన ఆట అనుకున్నారు. తెల్లచీర ఆమె కళ్లు ఒత్తుకుంటూ, ఇన్నేళ్లయినా మీ ఇద్దరి స్నేహం ఇలాగే ఉందంటే ఈ క్లబ్బులో ఏదో ఉందండీ అంది. ఫొటోకు నిలబడమన్నారు. సలహాదారు చెయ్యి భుజం మీద అలాగే ఉంది, బరువుగా, కొద్దిగా తడిగా. ఫొటో తీస్తున్నప్పుడు ఆ వేళ్లు భుజంలోకి దిగాయి.

అందరూ మెత్తటి కుర్చీల గదికి వెళ్లాక ప్రచారం మేడమ్ పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చింది.

"అన్నా, ఇది పాతదానికంటే వందరెట్లు బాగుంది. ముందే ఎందుకు చెప్పలేదు? ఇకనుంచి ఇదే చెప్పండి. సారు కూడా పక్కనే ఉంటారు, నేను మాట్లాడాను." కాగితంలో ఏదో రాసుకుంది. "ఏడ్చాను అన్నారు కదా, అక్కడ ఇంకొంచెం ఆగండి. గురువారం ఇంకో పదిమంది ఉన్నారు."

"నేను చెప్పింది నిజమమ్మా," అన్నాడు మోకాలన్న.

"అదే కదన్నా. అందుకే అంత బాగా వచ్చింది," అంది ఆమె మనస్ఫూర్తిగా.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భార్య కొత్త సీజను చొక్కాల కట్ట ముందేసుకుని కూర్చుంది. అతను గుమ్మంలో చెప్పులు విడిచి, గోడ పట్టుకుని, ఎడమ కాలు ముందుకు చాపుకుని కూర్చున్నాడు.

"చెప్పావా?" అంది.

"చెప్పాను."

"అతని ముందే?"

"అతని ముందే. చేత్తో చూపించి మరీ."

ఆమె మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. "ఏమన్నారు?"

"చప్పట్లు కొట్టారు."

ఆమె అతని మొహం చూసింది, హాస్యమాడుతున్నాడేమోనని. కాదని తెలిశాక లేచి ఒక చెంబుడు వేడినీళ్లూ గుడ్డా తెచ్చి అతని పక్కన పెట్టి, వెనక్కి వెళ్లి కూర్చుంది. తొమ్మిదో నంబరు సగంలో ఉంది. సూదిలో దారం మళ్లీ ఎక్కించడానికి ఆమెకు ఆ రోజు చాలాసేపు పట్టింది.